హాస్టల్‌లో చదివిన మానవతావాది ఎరాస్మస్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంపాదక వర్గంలోని తమ్ముళ్లు అడిగారు. అంబేడ్కర్, ఫూలే, జాషువాల గురించి రాసేవాళ్లు అప్పటికే పేర్లు ఇచ్చేశారట. మీది హిస్టరీ పి.జి. కదన్నా, ఐరోపా పునరుజ్జీవనం నుంచి ఎవరినైనా తీసుకోండి అన్నారు. లియొనార్డో డావిన్సీ గురించో, మైకేలాంజెలో గురించో రాస్తామని వాళ్లు అనుకొని ఉంటారు. మేము ఎరాస్మస్ పేరు చెప్పగానే ఒక తమ్ముడు, ఒక్క మార్కు బిట్‌కి అన్ని పేజీలెందుకన్నా అన్నాడు.

నిజమే. డిగ్రీ పుస్తకాల్లో ఎరాస్మస్ అంటే ఒకే ఒక్క వాక్యం. హాలెండ్ దేశస్థుడు, మానవతావాది, ప్రైజ్ ఆఫ్ ఫాలీ గ్రంథకర్త. పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. హాన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు 1523లో గీసిన బొమ్మ అది. నల్ల టోపీ, బొచ్చు అంచున్న కోటు, వేళ్లకు ఉంగరాలు, తల వంచుకుని రాసుకుంటూ ఉంటాడు. ఆ కోటు చూసి ఆయన ఏ జమీందారు బిడ్డో అని మేము చాలాకాలం అనుకున్నాం. పి.జి. మొదటి సంవత్సరంలో లైబ్రరీలో ఆయన జీవిత చరిత్ర ఒకటి దొరికింది. చదువుతూ ఉంటే మధ్యలో ఒక హాస్టల్ వచ్చింది. గట్టి పడక, కుళ్లిన గుడ్లు, మరుగుదొడ్డి పక్కన గది. ఆ రాత్రి ఆ పుస్తకం మూయబుద్ధి కాలేదు.

ఆయన కథలోకి వెళ్లేముందు ఒక మాట. పునరుజ్జీవనానికి కారణం ఏమిటంటే మన గైడ్లలో 1453 అని ఉంటుంది. టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, గ్రీకు పండితులు పుస్తకాలు మోసుకొని ఇటలీకి పారిపోయారు, దానితో పునరుజ్జీవనం వచ్చింది. పరీక్షలో అలాగే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. అసలు సంగతి మాత్రం అంత తేలిక కాదు. అంతకు 108 ఏళ్ల ముందే, 1345లో, పెట్రార్క్ అనే ఇటలీ కవి వెరోనాలోని చర్చి గ్రంథాలయంలో రోమన్ వక్త సిసిరో రాసిన ఉత్తరాలను వెతికి పట్టుకున్నాడు. 1397లోనే క్రిసోలోరస్ అనే పండితుడు ఫ్లోరెన్స్‌కు వచ్చి గ్రీకు పాఠాలు మొదలుపెట్టాడు. వ్యాపారంతో డబ్బు చేసిన ఇటలీ నగరాలకు చక్కగా ఉత్తరం రాయగల, సభలో వాదించగల ఉద్యోగులు కావలసి వచ్చారు. వాళ్లకు నేర్పిన వ్యాకరణం, వక్తృత్వం, చరిత్ర, కవిత్వం, నీతిశాస్త్రం అనే ఐదింటికి మానవ విద్యలని పేరు. మానవతావాది అనే మాట అక్కడి నుంచే వచ్చింది. అంటే మొదట్లో ఆ మాటకు దయగలవాడని అర్థం లేదు, దేవుణ్ణి నమ్మనివాడని అసలే లేదు. పాత పుస్తకాన్ని దాని సొంత భాషలో చదివి, ఇది నిజంగా ఆయనే రాశాడా, మధ్యలో ఎవరైనా మార్చారా అని అడిగేవాడు మానవతావాది.

అలా అడిగినవాళ్లలో లోరెంజో వల్లా ఒకడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ దేశాల మీద అధికారాన్ని పోపుకు రాసిచ్చాడని ఒక దానపత్రం ఉండేది. 1440లో వల్లా దాన్ని మాట మాటగా పరీక్షించి, అందులోని లాటిన్ ఆ చక్రవర్తి కాలం నాటిది కాదని, కాబట్టి అది దొంగ పత్రమని తేల్చాడు. కాగితంలో ఏముందో తెలియక వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న తాతలు మనలో కొందరికి ఉన్నారు. ఇది ఎంత పెద్ద పనో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. వల్లా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఎరాస్మస్ రోటర్‌డామ్‌లో జన్మించాడు. 1466 అని కొందరు, 1469 అని కొందరు చరిత్రకారులు అంటారు. తల్లి మార్గరెట్ ఒక వైద్యుని కూతురు. తండ్రి గెరార్డ్ క్రైస్తవ మతగురువు. మతగురువులకు పెళ్లి నిషేధం కాబట్టి ఎరాస్మస్, ఆయన అన్న పీటర్ ఇద్దరూ చట్టం దృష్టిలో అక్రమ సంతానం. అలా పుట్టినవాడు చర్చిలో పదవి పొందాలంటే ప్రత్యేకంగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. చదువుకున్నవాడికి చర్చిని మించిన ఉద్యోగం లేని కాలం అది. పిల్లవాడు చేసిన తప్పేమీ లేదు, పుట్టుకే అడ్డం. ఎరాస్మస్ తన పుట్టుక గురించి జీవితాంతం సూటిగా చెప్పుకోలేదు. చెప్పక తప్పని చోట పేర్లు మార్చి, కథ కొంచెం మార్చి చెప్పాడు. ఆయన్ని మేము తప్పుపట్టం. కాలేజీలో చేరిన మొదటి రోజు ఊరి పేరు, ఇంటి పేరు అడిగితే ఎంతవరకు చెప్పాలా అని ఆలోచించుకున్నవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం.

డెవెంటర్ అనే ఊళ్లో బడికి పంపారు. అక్కడ ఉండగానే ప్లేగు వచ్చి తల్లి పోయింది, కొద్దికాలానికి తండ్రీ పోయాడు. అప్పటికి ఆయన ఇంకా బడి పిల్లవాడే. ఆస్తి చూసుకోవలసిన సంరక్షకులు అన్నదమ్ములిద్దరినీ విశ్వవిద్యాలయానికి కాక హెర్టోజెన్‌బోష్ అనే పట్టణంలో ఒక మత సంఘం నడిపే హాస్టల్‌కు పంపారు. రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. తెలివైన పిల్లవాడు కనిపిస్తే తిట్టి, కొట్టి అణచి సన్యాసానికి తయారు చేయడమే అక్కడి పని అని ఎరాస్మస్ తర్వాత రాశాడు. ఆ రెండేళ్లూ వృథా అన్నాడు. చిన్నప్పుడు తనంటే ఇష్టమున్న ఒక మాస్టారే, వీడు దెబ్బలకు ఎంత ఓర్చుకుంటాడో చూద్దామని చేయని తప్పు మోపి కొట్టాడట. దానితో చదువు మీద మనసు విరిగి జ్వరం తెచ్చుకున్నాడు. పిల్లల చదువు గురించి 1529లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి చెబుతూ, బెత్తం పట్టుకున్నవాడు గురువు కాడని గట్టిగా వాదించాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. ఆ దెబ్బ మరిచిపోలేదు.

చివరికి అన్నదమ్ములు సన్యాసులు కాక తప్పలేదు. గౌడా దగ్గర స్టెయిన్ మఠంలో ఎరాస్మస్ చేరాడు. ఇష్టం లేని చోటే గానీ అక్కడ గ్రంథాలయం ఉంది. పాత రోమన్ కవులను చదివాడు, మంచి లాటిన్ అలవడింది. ఆ లాటిన్ చూసే 1493లో కాంబ్రే బిషప్ ఆయన్ని కార్యదర్శిగా తీసుకున్నాడు, మఠం నుంచి బయటపడ్డాడు. రెండేళ్ల తర్వాత బిషప్ అనుమతితోనే పారిస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. బిషప్ పంపుతానన్న డబ్బు సరిగా అందలేదు. స్కాలర్‌షిప్ ఆలస్యం అనేది కొత్త సంగతి కాదన్నమాట.

పారిస్‌లో ఆయన దిగిన చోటు మోంతేగు కళాశాల. దాన్ని నడిపే స్టాండాంక్ చెడ్డవాడేమీ కాదు. తాను కూడా పేదవాడిగా పారిస్ వచ్చి, పనిచేసుకుంటూ చదివినవాడే. పేద పిల్లలకు చదువు తలుపు తెరవాలన్నదే ఆయన ఉద్దేశం. కానీ తాను పడ్డ కష్టమే అందరికీ మంచిదనుకున్నాడు. మాంసం లేదు. చలికాలంలో కూడా ఉపవాసాలు, జాగారాలు. గుడ్లు కుళ్లినవి, నీళ్లు పాడుబడ్డ బావివి, గోడలు చెమ్మ, నేలకు దగ్గర గదులు, పక్కనే మరుగుదొడ్డి. తప్పు చేస్తే కొరడా. మంచి తెలివితేటలున్న కుర్రవాళ్లు ఆ గదుల్లో కొందరు చచ్చిపోయారని, కొందరికి కళ్లు పోయాయని, కొందరికి మతి చలించిందని ఎరాస్మస్ ముప్పై ఏళ్ల తర్వాత 1526లో ఒక సంభాషణ రూపంలో రాశాడు. తానూ ఏడాది తిరగకముందే జబ్బుపడి బయటికి వచ్చాడు. కొన్నేళ్లకు ఇదే కళాశాలలో జాన్ కాల్విన్, ఆ తర్వాత ఇగ్నేషియస్ లయోలా చదివారు. ఒకరు ప్రొటెస్టెంట్లకు పెద్ద, ఇంకొకరు జెసూట్లకు పెద్ద. ఆ తిండి తిని కూడా! మన మెస్ గురించి ఇక్కడ ఏమీ రాయం. వార్డెన్ సారు కూడా ఈ సంచిక చదువుతారు.

హాస్టల్ వదిలాక ఎరాస్మస్ ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. డబ్బున్న ఇళ్ల పిల్లలకు లాటిన్‌లో ఉత్తరాలు రాయడం, మాట్లాడడం నేర్పేవాడు. ఆ నోట్సులే తర్వాత పుస్తకాలై ఐరోపా బడులన్నిటా పాఠాలయ్యాయి. శిష్యుల్లో మౌంట్‌జాయ్ అనే ఇంగ్లీషు ప్రభువు ఒకడు 1499లో ఆయన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. థామస్ మోర్, జాన్ కోలెట్ స్నేహితులయ్యారు. తిరిగి వస్తుంటే డోవర్ రేవులో సుంకం అధికారులు జేబులో ఉన్న దాదాపు ఇరవై పౌండ్లూ లాగేసుకున్నారు. దేశం నుంచి నాణేలు బయటికి పోకూడదని చట్టం. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నది ఒక్క పూటలో పోయింది.

చేతిలో పైసా లేకుండా పారిస్ చేరి ఆయన చేసిన పని మాకు బాగా నచ్చింది. పాత లాటిన్ పుస్తకాల్లోంచి సామెతలు, జాతీయాలు ఏరాడు. ఎనిమిది వందలకు పైగా పోగుచేసి, ఏది ఎక్కడ వాడారో, అర్థమేమిటో వివరించి 1500లో అచ్చువేయించాడు. అదే అడేజియా. బతుకు తెరువు కోసం వేసిన ఆ పుస్తకాన్ని జీవితాంతం పెంచుతూ పోయాడు. 1508 నాటికి మూడు వేలు దాటింది, చనిపోయేనాటికి నాలుగు వేలు దాటింది. యుద్ధం రుచి చూడనివాడికే యుద్ధం తీపి అనే అర్థం వచ్చే సామెత కింద రాజుల యుద్ధాలను ఎండగడుతూ ఏకంగా ఒక పెద్ద వ్యాసమే రాశాడు.

గ్రీకు మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. వయసు ముప్పై దాటింది. మంచి గురువు దొరకలేదు, దొరికినవాడికి ఇవ్వడానికి డబ్బు లేదు. చిన్నపిల్లవాడిలా అక్షరాల దగ్గర మొదలుపెట్టి మూడేళ్లు కూర్చున్నాడు. డబ్బు చేతికి రాగానే ముందు గ్రీకు పుస్తకాలు కొంటానని, ఆ తర్వాతే బట్టలని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో బస్సు చార్జీ కూడా ఖర్చుపెట్టి నడిచి వచ్చిన మిత్రులు మా గదిలోనే ఉన్నారు, వాళ్లకు ఈ మాట చదివి వినిపించాం. ఇంటర్‌లో మొదటిసారి ఇంగ్లీషు మీడియంలో పడ్డ తమ్ముళ్లకు కూడా చెబుతున్నాం, ఆయనకు గ్రీకు ముప్పైలలో వచ్చింది.

1504 వేసవిలో లూవెన్ దగ్గర పార్క్ మఠం గ్రంథాలయంలో వెతుకుతుంటే ఆయనకు ఒక రాతప్రతి దొరికింది. అది వల్లా రాసినది. చర్చిలో వాడే లాటిన్ కొత్త నిబంధనను గ్రీకు మూలంతో పోల్చి ఎక్కడెక్కడ తేడా ఉందో రాసుకున్న టిప్పణులు. వల్లా పోయి అప్పటికి 47 ఏళ్లు. ఎరాస్మస్ మరుసటి ఏడే దాన్ని పారిస్‌లో అచ్చువేయించాడు. దానపత్రాన్ని చదివిన కంటితోనే దేవుని గ్రంథాన్నీ చదవవచ్చా? చదవాలి అన్నాడు. దైవవాక్యం పవిత్రమే, కానీ దాన్ని చేత్తో ఎత్తిరాసిన గుమాస్తా మనిషే, నిద్రలో తప్పు రాసి ఉంటాడు.

ఇటలీలో గడిపిన మూడేళ్ల గురించి ఎక్కువ చెప్పం. 1506లో ట్యూరిన్‌లో వేదాంతంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. వెనిస్‌లో ఆల్డస్ అచ్చు కార్యాలయంలో మూల కూర్చుని రాస్తుంటే, తడి ఆరకముందే కాగితాలు కంపోజిటర్ల చేతికి పోయేవి. అక్కడ పెట్టిన తిండిని కూడా తర్వాత ఒక సంభాషణలో తిట్టిపోశాడు. తిండి విషయంలో మనిషి కొంచెం పట్టింపు గలవాడే అని ఒప్పుకోవాలి. 1509లో మోర్ ఇంట్లో వారం రోజుల్లో రాసిందే ప్రైజ్ ఆఫ్ ఫాలీ. మూర్ఖత్వం ఒక స్త్రీ రూపంలో వేదికెక్కి తనను తాను పొగుడుకుంటూ, పంతుళ్లు, లాయర్లు, వేదాంతులు, సన్యాసులు, రాజులు, పోపులు అందరూ నా బిడ్డలే అని చెబుతుంది. 1511లో అచ్చయింది. జనం విరగబడి చదివారు. ఆయన దాన్ని పెద్ద పనిగా అనుకోలేదు. మన బిట్ పేపర్ మాత్రం దాన్నే పట్టుకుంది.

పెద్ద పని 1516లో బాసెల్ నగరంలో ఫ్రోబెన్ అచ్చు కార్యాలయం నుంచి వచ్చింది. ఒక పక్క గ్రీకు కొత్త నిబంధన, పక్కన తన లాటిన్ అనువాదం, వెనుక వందల పేజీల టిప్పణులు. అచ్చులో మార్కెట్‌కు వచ్చిన మొదటి గ్రీకు కొత్త నిబంధన అదే. హడావుడిగా వేశారు, తప్పులు దొర్లాయి. ప్రకటన గ్రంథానికి దొరికిన ఒకే ఒక్క ప్రతిలో చివరి ఆకు లేకపోతే, ఆ కొన్ని వచనాలను లాటిన్ నుంచి తానే గ్రీకులోకి మార్చి పెట్టాడు. పండితుడు చేయవలసిన పని కాదది.

అయినా ఆ పుస్తకం చేసిన పని చూడండి. మత్తయి సువార్తలో ఒక మాట ఉంది. పాత లాటిన్‌లో అది ప్రాయశ్చిత్తం చేయండి అన్నట్టు ఉండేది. చర్చి ప్రాయశ్చిత్తం విధించేది, డబ్బు కడితే ఆ శిక్ష తగ్గిస్తామని పాపపరిహార పత్రాలు అమ్మేది. గ్రీకు మాటకు మనసు మార్చుకోవడం అని అర్థమని ఎరాస్మస్ చూపించాడు. మన ఊళ్లలో చర్చికి పోయే ఇళ్లలో మారుమనస్సు అనే మాట వింటాం కదా, ఆ గ్రీకు అర్థమే అది. మనసు మార్చుకోవడానికి రసీదు ఎందుకు? జర్మనీలో లూథర్ ఈ టిప్పణులు చదివాడు. 1517లో పాపపరిహార పత్రాలకు ఎదురు తిరిగాడు. ఎరాస్మస్ గ్రీకు ప్రతి రెండో ముద్రణను ముందు పెట్టుకునే 1522లో జర్మన్ అనువాదం తెచ్చాడు. 1526లో టిండేల్ తెచ్చిన ఇంగ్లీషు అనువాదానికీ ఎరాస్మస్ గ్రీకు ప్రతే ఆధారం.

1517లోనే ఇంకొకటి జరిగింది. పోపు పదో లియో నుంచి ఎరాస్మస్‌కు అనుమతి పత్రం వచ్చింది. పుట్టుక వల్ల కలిగిన అనర్హత పోయింది, మఠం దుస్తులు వేసుకోనక్కర్లేదు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. రాజులు ఉత్తరాలు రాసి మా దేశానికి రండని పిలుస్తున్న పండితుడు. అయినా ఆ కాగితం కోసం దరఖాస్తు పెట్టుకొని ఎదురు చూశాడు.

ఇక ఆయన్ని మెచ్చుకోలేని చోటికి వద్దాం. 1516 పుస్తకానికి ముందుమాటలో ఆయన ఒక కోరిక రాశాడు. నాగలి పట్టిన రైతు, మగ్గం మీద కూర్చున్న నేతగాడు, ఆడవాళ్లు కూడా సువార్తను తమ తమ భాషల్లో చదువుకోవాలని. చదివి మేము పొంగిపోయాం. కానీ ఆ కోరిక రాసింది లాటిన్‌లో. ఆయన అన్నీ లాటిన్‌లోనే రాశాడు, తల్లి మాట్లాడిన డచ్చి భాషలో ఒక్క పుస్తకం లేదు. ఐరోపా అంతటికీ అందాలంటే లాటిన్ తప్పదని ఒక మిత్రుడి వాదన. సరే, ఐరోపా అంతా అంటే ఎవరు? 1525లో జర్మనీలో ఆ నాగలి పట్టిన రైతులే కౌలు, వెట్టి భరించలేక తిరగబడితే, ప్రభువుల సైన్యాలు వాళ్లను వేలల్లో నరికాయి. లూథర్ రైతులను అణచమని రాశాడు. ఎరాస్మస్ అలా రాయలేదు గాని, రైతుల పక్కన నిలబడనూ లేదు. ఈ రక్తపాతానికి లూథర్ రాతలే కారణమన్నాడు, అంతటితో సరిపెట్టుకున్నాడు. యూదుల గురించి ఆయన ఉత్తరాల్లో రాసిన కొన్ని మాటలు చదివితే ఇంకా బాధ కలుగుతుంది. పుట్టుక వల్ల అవమానపడిన మనిషి ఇంకొకరి పుట్టుకను చూసి అలా ఎలా రాశాడో మాకు అర్థం కాలేదు. ఈ ఒక్క విషయం మీద మా గదిలో రెండు రాత్రులు వాదన జరిగింది, తేలలేదు.

లూథర్ వర్గంలో చేరమని ఒక పక్క, లూథర్‌ను ఖండించమని ఇంకో పక్క ఒత్తిడి పెరిగింది. చర్చిలోని తప్పులు చెప్పడం మానలేదు, చర్చిని వదలనూ లేదు. 1524లో మనిషికి మంచిని ఎంచుకునే స్వేచ్ఛ ఉందని మెత్తగా ఒక పుస్తకం రాశాడు. మరుసటి ఏడు లూథర్ దానికి కఠినంగా జవాబిచ్చాడు. ఇద్దరి మధ్య మాటలు తెగిపోయాయి. కాథలిక్కులకు ఆయన ద్రోహి, ప్రొటెస్టెంట్లకు పిరికివాడు. పిరికితనం కొంత ఉందనే మాకూ అనిపిస్తుంది. తాను చూసిన గ్రీకు ప్రతుల్లో లేని ఒక వాక్యాన్ని మొదటి రెండు ముద్రణల్లో ధైర్యంగా వదిలేసినవాడు, గొడవ ముదిరి ఆ వాక్యం ఉన్న ఒక కొత్త ప్రతి చూపించేసరికి, దాని మీద నమ్మకం లేకపోయినా 1522 ముద్రణలో చేర్చేశాడు. కానీ ఎవరినీ మతం పేరుతో చంపమని ఆయన రెండు పక్షాలకూ సలహా ఇవ్వలేదు, ఆ రోజుల్లో అదీ చిన్న సంగతి కాదు.

1529లో బాసెల్ ప్రొటెస్టెంట్ నగరం కావడంతో ఫ్రైబర్గ్ వెళ్లిపోయాడు. 1535లో ఒక పుస్తకం అచ్చు చూసుకోవడానికి మళ్లీ వచ్చాడు. ఆ జూలైలోనే ఇంగ్లండ్‌లో థామస్ మోర్ తల నరికించాడు ఎనిమిదో హెన్రీ. ఆ వార్త విన్న తర్వాత ఎరాస్మస్ ఎక్కువ కాలం బతకలేదు. 1536 జూలై 12న బాసెల్‌లోనే కన్నుమూశాడు. జీవితమంతా లాటిన్ మాట్లాడిన మనిషి ఆఖరి క్షణంలో దేవుణ్ణి పిలిచింది చిన్ననాటి డచ్చి భాషలోనని మిత్రుడు బియాటస్ రెనానస్ రాశాడు. కాథలిక్కుగానే చనిపోయిన ఆయన్ని ప్రొటెస్టెంట్ల పెద్ద చర్చిలో సమాధి చేశారు. 1559లో పోపు ఆయన పుస్తకాలన్నిటినీ నిషేధ జాబితాలో చేర్చాడు.

పోయే ఏడాది ఫిబ్రవరిలో వీలునామా రాశాడు. అప్పటికి పుస్తకాల మీద, రాజుల కానుకల మీద బాగానే కూడబెట్టాడు, ఆ బొచ్చు కోటు అప్పటిది. న్యాయశాస్త్రం ఆచార్యుడైన మిత్రుడు అమెర్‌బాక్‌కు ఆ డబ్బు అప్పగించి, వృద్ధులకు, రోగులకు, పెళ్లి కాని పేద ఆడపిల్లలకు, చదువు మీద ఆశ ఉన్న కుర్రవాళ్లకు ఖర్చు పెట్టమన్నాడు. అమెర్‌బాక్ అలాగే చేశాడు. బాసెల్‌లో పేద విద్యార్థులు ఆ డబ్బుతో చదువుకున్నారు. ఐరోపా దేశాలు 1987లో మొదలుపెట్టిన విద్యార్థి పథకానికి కూడా ఎరాస్మస్ పేరే పెట్టారు. 2004 నుంచి ఎరాస్మస్ ముండస్ పేరుతో మన దేశం పిల్లలకూ స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నారు. మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఆ ప్రకటనను ఏడాది పాటు చూస్తూ తిరిగాం, అది ఒక మనిషి పేరని తెలియకుండానే. మా గదిలో ఇద్దరం ఈ ఏడాది దరఖాస్తు పెట్టాం. ఫలితం ఇంకా రాలేదు.